ఉక్కపోత ఊళ్ళో ఏ వస్తువు పనికొస్తుంది, ఏది దండగ

మా పక్క వాటాలోకి ఏప్రిల్‌లో అనంతపురం నుంచి బదిలీ మీద ఒక కుటుంబం వచ్చింది. లారీలోంచి అన్నిటికన్నా ముందు దిగింది పెద్ద ఎయిర్ కూలరు. అక్కడ నాలుగు వేసవులు వాళ్ళని కాపాడిన వస్తువట. ఇక్కడికొచ్చి వారం తిరక్కుండానే ఆవిడ మా ఇంటికొచ్చి, "అక్కా, ఇది వేస్తే చల్లబడ్డం మాట అటుంచి ఒళ్ళంతా జిగటగా అయిపోతోంది. దారిలో ఏదైనా దెబ్బ తగిలిందంటారా?" అని మా ఆవిణ్ణి అడిగింది.

కూలరుకి ఏ దెబ్బా తగల్లేదు. ఊరు మారింది, అంతే.

శ్రీకాకుళంలో ఉండేవాళ్ళకి ఎండ కన్నా ఉక్క ఎక్కువ ఇబ్బంది. గాలిలో తడి ఉన్నప్పుడు చెమట ఆరదు, బట్ట ఆరదు, ఉప్పు పొడిగా ఉండదు. ఫోన్లో వచ్చే సలహాలన్నీ చాలావరకు పొడిగాలి ఊళ్ళవాళ్ళు ఇచ్చేవి. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు "బ్రహ్మాండం అన్నయ్యా, కొనెయ్" అన్న వస్తువుల్లో సగం నాకు అక్కరకు రాలేదు. అందుకే ఇప్పుడు ఇంట్లోకి ఏది కొనాలన్నా ముందు ఒకే ప్రశ్న వేసుకుంటున్నాను: దీనికి ఉక్కంటే పడుతుందా? ఆ ప్రశ్నతోనే ఈ పోలికలన్నీ రాస్తున్నాను. విజయనగరం వాళ్ళకీ దాదాపు ఇదే లెక్క, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్నందుకు అటూ ఇటూ కొంచెం తేడా ఉండొచ్చు.

కూలరా, పాత ఫ్యానా, కొత్త రకం ఫ్యానా

కూలరు పనిచేసేది నీటిని ఆవిరి చేసి. గాలి పొడిగా ఉంటే నీరు త్వరగా ఆవిరై గాలి చల్లబడుతుంది. గాలిలో ముందే తడి నిండి ఉంటే ఆవిరయ్యేది తక్కువ, గదిలో పెరిగే జిగట ఎక్కువ. 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న చోట ఆవిరి వల్ల 23 డిగ్రీల దరిదాపుల దాకా చల్లబడే వీలుంది. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న మన దగ్గర ఎంత మంచి కూలరైనా 30 కిందకి దించలేదు. ఇది కంపెనీ లోపం కాదు, గాలి గుణం. పడమటి గాలి తిరిగి వడగాడ్పు కొట్టే నాలుగు రోజులు మాత్రం ఇక్కడా బాగానే పనిచేస్తుంది. ఆ నాలుగు రోజుల కోసం ఎనిమిది వేలు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఇప్పటికే ఇంట్లో ఉంటే కిటికీ పక్కనే, బయటి గాలి లోపలికొచ్చేలా పెట్టండి, ఎదురుగా ఇంకో కిటికీ తీసి ఉంచండి. తలుపులన్నీ మూసి కూలరు వేసుకోవడమంటే ఆవిరి పట్టుకోవడమే.

ఉక్కకి అసలు మందు కదిలే గాలి. కాబట్టి డబ్బు పెట్టాల్సింది ఫ్యాను మీద. అక్కడా కొత్తది కొనే ముందు చూడాల్సింది ఒకటుంది. "మా ఫ్యాను ఐదులో పెట్టినా ఊపందుకోవట్లేదు" అనే ఇళ్ళల్లో చాలాచోట్ల దోషం ఫ్యానుది కాదు, దాని కండెన్సరుది. మామూలు సీలింగ్ ఫ్యానుకి 2.5 మైక్రోఫారడ్‌ది వేస్తారు. షాపులో వంద రూపాయల లోపే. ఎలక్ట్రీషియన్ కూలీతో కలిపినా కొత్త ఫ్యాను ధరలో ఆరో వంతు అవ్వదు. మా హాల్లో ఫ్యాను మార్చేద్దామని డబ్బు తీసి పెట్టుకున్నాక ఈ సంగతి తెలిసింది. కండెన్సరు మార్చాక గోడ మీద క్యాలెండరు ఎగరడం మొదలుపెట్టింది. రెక్కల అంచున పేరుకున్న దుమ్ము తుడిస్తే ఇంకాస్త గాలి వస్తుంది. అదీ మనం ఏ దసరాకో తప్ప చెయ్యం.

ఇక నిజంగానే కొత్తది కొనాల్సి వస్తే, మామూలుదా, బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు మోటారు ఉన్న కొత్త రకందా? పాత రకం ఫ్యాను దాదాపు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీది 28 నుంచి 35 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. రోజుకి పద్నాలుగు గంటలు తిరిగితే తేడా నెలకి దాదాపు 18 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 90 రూపాయలు. మన దగ్గర డిసెంబరు, జనవరి తప్ప ఫ్యాను ఆగదు కాబట్టి ఏడాదికి తొమ్మిది వందల దాకా మిగులుతుంది. ధరలో తేడా వెయ్యి, పన్నెండొందలు ఉంటుంది. ఏడాదిన్నరలోపే తేరుకుంటుంది. ఇది పడగ్గది లెక్క. చుట్టాలొస్తేనే తిరిగే ముందు గది ఫ్యానుకి ఈ లెక్క కుదరదు, అక్కడ మామూలుది చాలు. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు కాబట్టి అట్టపెట్టె మీద నక్షత్రాలు చూసి అడగండి. షాపువాడు ముందుగా చూపించేది ఎప్పుడూ రంగులే.

బీఎల్‌డీసీకి రెండు తలనొప్పులున్నాయి. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అది పోతే మన వీధి వైండింగ్ షాపతను చేతులెత్తేస్తాడు, కంపెనీ మనిషి రావాలి. సర్వీసు శ్రీకాకుళంలోనే ఉందా, విశాఖ నుంచి రావాలా అన్నది కొనకముందే కనుక్కోండి. రెండోది రిమోటు. మా అమ్మకి రిమోటు ఇచ్చి పడుకోబెట్టాం. అర్ధరాత్రి అది మంచం కింద దొరక్క, స్విచ్చే కట్టేసి, ఉక్కలో తెల్లారేదాకా కూర్చుంది. పెద్దవాళ్ళున్న గదికి గోడ రెగ్యులేటరుతో పనిచేసే రకం కూడా దొరుకుతుంది, అడిగి తీసుకోండి. మామూలు బీఎల్‌డీసీ ఫ్యానుకైతే పాత రెగ్యులేటరు తీయించెయ్యాలి.

అయినా నేను బీఎల్‌డీసీ వైపే మొగ్గుతాను. దానికి కారణం కరెంటు బిల్లు కాదు, తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసినవాళ్ళకి స్తంభాలు వరసగా పడిపోతే కరెంటు ఎన్నాళ్ళకొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో 150 ఆంపియర్-అవర్ బ్యాటరీతో ఇన్వర్టరు ఉందనుకోండి. వాడుకోగలిగేది సుమారు 1,200 వాట్-అవర్లు. రెండు పాత ఫ్యాన్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఏడు గంటలు. అవే రెండూ బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే పదిహేను గంటలు. పెద్ద బ్యాటరీ కొనడం కన్నా ఇది చౌక.

చల్లటి నీళ్ళు: కుండా, ఫ్రిజ్జా, రాగి చెంబా

కూలరుకి చెప్పిందంతా కుండకీ వర్తిస్తుంది. అదీ ఆవిరి మీదే బతుకుతుంది. కాబట్టి "కుండ నీళ్ళు మంచులా ఉంటాయి" అని రాయలసీమ బంధువులు చెబితే మనం ఆశపడకూడదు. జూన్ నెలలో వాన రాక ముందు, గాలి ఆడని రోజున, మన కుండలో నీళ్ళు కుళాయి నీళ్ళ కన్నా ఒక పిసరు చల్లగా ఉంటాయంతే.

అయినా మా ఇంట్లో కుండ ఉంది, ఏటా కొంటాం. ఎందుకంటే పెట్టే చోటు మారిస్తే దాని పని మారిపోతుంది. మొదట వంటగది మూల, గ్యాసు బండ పక్కన పెట్టాం. అది దండగ. తరవాత ఉత్తరం వైపు కిటికీ దగ్గర, ఎండ తగలకుండా గాలి తగిలేలా పెట్టాం, కింద పళ్ళెంలో ఇసుక పోసి తడిపాం, చుట్టూ పాత పంచె ముక్క చుట్టాం. ఆ తేడా నాలుకకి తెలిసింది. పది లీటర్ల నీళ్ళు ఐదు డిగ్రీలు చల్లబడ్డానికి ఆవిరి కావాల్సింది లెక్క ప్రకారం 90 గ్రాముల నీరే, ఓ చిన్న టీ గ్లాసుడు. కాస్త గాలి ఆడితే ఆ గ్లాసుడు ఆవిరి కావడం మన ఊళ్ళోనూ కష్టం కాదు.

కుండ ఎంచుకోవడంలో నాకు బుద్ధి చెప్పింది సంతలో కుండలమ్మే ముసలావిడ. నేను నిగనిగలాడుతూ పువ్వులేసి, కుళాయి బిగించిన కుండ చూస్తుంటే, "అది సూడ్డానికే బావు, నీలు సల్లబడవు. రంగేసినాక మట్టికి ఊపిరాడద్దేటి?" అంది. ఇంతకన్నా బాగా ఏ సైన్సు పుస్తకమూ చెప్పలేదు. వార్నిష్ పూస్తే మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, చెమ్మ బయటికి రాదు. పైన గరుకుగా, రంగు లేకుండా, వేలితో కొడితే ఖంగుమనేది తీసుకోండి. తెచ్చాక ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వాడండి. లోపల సబ్బు పెట్టొద్దు, మట్టి పీల్చుకుంటుంది. బోరు నీళ్ళు పోస్తే ఉప్పు పేరుకుని రంధ్రాలు పూడుకుపోతాయి. బయట తెల్లటి పొర కట్టి చెమ్మ పట్టడం ఆగిపోయిందంటే ఆ కుండ చెట్టు మొదలుకి, కొత్తది ఇంటికి.

ఒకటి గుర్తుంచుకోండి. కుండ చల్లబరుస్తుంది, శుభ్రం చెయ్యదు. కాచి చల్లార్చిన నీళ్ళో, ఫిల్టరు నీళ్ళో పొయ్యాల్సిందే. రాగి, ఇత్తడి పాత్రల్లో రాత్రంతా నిలవుంచిన నీటిలో సూక్ష్మజీవులు తగ్గుతాయన్నది నిజమే. కానీ నీటిలో కరిగిన ఉప్పులు, ఇతర లోహాలు వాటివల్ల పోవు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు బోరు నీళ్ళు తాగే బంధువులు రాగి చెంబు మీద భరోసా పెట్టుకుంటే నేను పోట్లాడతాను. చెంబే కావాలంటే ఫోన్లో కనిపించే రాగి బాటిల్ కన్నా మన జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనివాళ్ళ సరుకు చూడండి. దశాబ్దాల పాటు నిలుస్తుంది, చేతికి బరువు తెలుస్తుంది. మజ్జిగ, నిమ్మరసం, చారు లాంటి పులుపు మాత్రం కళాయి లేని ఇత్తడిలో, ఉత్త రాగిలో పొయ్యొద్దు.

ఫ్రిజ్ సంగతి. ఉన్న ఫ్రిజ్‌లో రెండు సీసాలు పెడితే ఖర్చు పెద్దగా పెరగదు. కానీ ఇంటిల్లిపాదీ గంటకోసారి తలుపు తీస్తే, మన ఉక్కగాలి ప్రతిసారీ లోపలికెళ్ళి నీరుగా పేరుకుంటుంది, మోటారు ఆగకుండా తిరుగుతుంది. మేం కుండలోంచి తీసిన గ్లాసులో ఫ్రిజ్ సీసా నుంచి కొంచెం కలుపుకుంటాం. పిల్లలకి ఆ రాజీ నచ్చింది. అనంతపురం ఆవిడకి మాత్రం ఇప్పటికీ నచ్చలేదు. "మా కుండ వేరే అక్కా" అంటుంది.

చెమట ఆరని ఊళ్ళో ఏం తాగాలి

ఒళ్ళు కూడా కుండ లాంటిదే. చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. మన దగ్గర అది ఆరక కారిపోతుంది, అంటే నీరు, ఉప్పు పోతాయి, చల్లదనం మాత్రం రాదు. కాబట్టి మధ్యాహ్నం పూట తాగేదాంట్లో నీరూ ఉప్పూ రెండూ ఉండాలి. 250 మిల్లీలీటర్ల కోలా డ్రింకులో చక్కెర దాదాపు 26 గ్రాములు, ఆరు చెంచాలు. ఉప్పు నామమాత్రం. అది రుచి కోసం తాగండి, దాహం కోసం కాదు.

మజ్జిగ, చోడంబలి (చోళ్ళంటే రాగులు, వాటి అంబలి) రెంటిలో ఏది అంటే పనిని బట్టి. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాళ్ళకి పల్చటి ఉప్పు మజ్జిగ చాలు. పొలం, నిర్మాణం పని, రోజంతా స్కూటరు మీద తిరుగుడు ఉన్నవాళ్ళకి అంబలి మేలు, ఎందుకంటే అది దాహంతో పాటు ఆకలీ తీరుస్తుంది. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే. రాత్రి చోడిపిండి నీళ్ళలో కలిపి పులవనిచ్చి, పొద్దున్న నూకలు ఉడుకుతుండగా అందులో పోసి ఉండ కట్టకుండా తిప్పితే అయిపోతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ. మన ఉక్కకి పిండి త్వరగా పులుస్తుంది కాబట్టి మే నెలలో సాయంత్రం కాకుండా పడుకోబోయే ముందు కలపండి. షుగరున్నవాళ్ళు దీన్ని పానీయం కింద కాక ఒక పూట తిండి కింద లెక్కేసుకోవాలి. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు నీరు, ఉప్పు ఎంతన్నది డాక్టరు చెప్పినట్టే.

తువ్వాలు

ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఈ రెండేళ్ళలో మా ఇంట్లో చేసిన మార్పులన్నిటిలో అందరూ మెచ్చుకున్నది ఇదే. పెళ్ళిళ్ళకి వచ్చిన దళసరి టర్కీ తువ్వాళ్ళు బీరువా నిండా ఉండేవి. మెత్తగా ఉంటాయి, నీళ్ళు బాగా పీలుస్తాయి, ఒప్పుకుంటాను. కానీ జులై నుంచి నవంబరు దాకా మన దగ్గర అవి ఒక రోజులో ఆరవు. తడి బట్టలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ ముక్క వాసన అదే. వాసన పోవాలని సువాసన ద్రావకం పోస్తే నూలు మీద పొర పట్టి నీళ్ళు పీల్చడం ఇంకా తగ్గుతుంది.

చేనేత నూలు తువ్వాలు పల్చగా ఉంటుంది, మొదటి నాలుగు ఉతుకుల దాకా గరుగ్గానే ఉంటుంది. పిండి దండెం మీద వేస్తే ఫ్యాను గాలికి రెండు మూడు గంటల్లో ఆరుతుంది. ధర టర్కీ తువ్వాలులో సగం. పొందూరు దగ్గర్లోనే ఉంది కదా అని సన్న ఖాదీ కొనకండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసిన బట్ట అది, ఒళ్ళు తుడుచుకోవడానికి కాదు. దాన్ని పంచెగా కట్టుకోండి, ఉక్కలో అంత హాయి ఇంకే బట్టా ఇవ్వదు. తువ్వాలుకి మామూలు ముతక నేత చాలు. మనిషికి రెండు.

టర్కీవి పారెయ్యక్కర్లేదు. చలికాలానికి, చంటిపిల్లలకి, ఒక్కోటి కాలు తుడుచుకునే పట్టాకి.

వంటింటి డబ్బాలు

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పడుతుంది. మన దగ్గర వానాకాలంలో అది రోజూ జరిగేదే. ప్లాస్టిక్ డబ్బా మూత వదులైపోతుంది, స్టీలు డబ్బాకి ఉప్పు తగిలి అడుగున మచ్చలొస్తాయి. పింగాణీ జాడీ లేదా బిగువు మూత ఉన్న గాజు సీసా, ఈ రెండే ఉప్పుకి సరి. నాలుగు బియ్యపు గింజలు వేస్తే ఉండలు కొంచెం తగ్గుతాయి, పూర్తిగా ఆగవు. అంతకన్నా మంచి పని, వంటకి వాడే ఉప్పు వారానికి సరిపడా చిన్న సీసాలో తీసుకుని పెద్ద జాడీ మూత తియ్యకపోవడం.

రవ్వ, శనగపిండి, గోధుమపిండి దగ్గర నేను అందరూ చెప్పేదానికి అడ్డం వెళ్తాను. నెల సరుకు ఒకేసారి తెస్తే చౌక అంటారు. ఐదు కిలోల పిండి మీద ఇరవై రూపాయలు మిగిల్చి, ఆఖరి కిలోన్నర పురుగు పట్టి పారబోస్తే ఏం మిగిలినట్టు? ఆగస్టు నుంచి నవంబరు దాకా అరకిలో, కిలో ప్యాకెట్లే మంచివి. కందిపప్పు, మినప్పప్పు మాత్రం బాగా ఎండబెట్టి, వేడి పూర్తిగా తగ్గాక డబ్బాలో పోస్తే నిలుస్తాయి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది.

పెనం గురించి రెండు మాటలు. ఇనప పెనం ఉక్కకి తుప్పు పడుతుంది, అందుకే చాలామంది నాన్‌స్టిక్‌కి మారారు. నాన్‌స్టిక్ పూత గీతలు పడ్డాక మళ్ళీ కొనాలి, ఖాళీగా పెద్ద మంట మీద వదిలెయ్యకూడదు కూడా. ఇనుముది కడిగిన వెంటనే పొయ్యి మీద అర నిమిషం ఆర్చి, ఒక చుక్క నూనె రాసి తగిలిస్తే మన మనవలు కూడా దానిమీదే అట్లు పోస్తారు. ఆ అర నిమిషం ఓపిక లేనివాళ్ళు నాన్‌స్టిక్ కొనుక్కోవచ్చు, తప్పేం లేదు.

దోమలకి

కాయిల్ అన్నిటికన్నా చౌక, నేను అన్నిటికన్నా ముందు మానేసింది కూడా అదే. చైనా, మలేషియా కాయిల్స్ మీద చేసిన ఒక పరిశోధన 2003లో అచ్చయింది. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి పొగ కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని అందులో తేలింది. తలుపులు మూసిన గదిలో పిల్లల పక్కన అది వెలిగించి పడుకున్న రోజులు తలచుకుంటే ఇప్పటికీ గుబులే. ప్లగ్గులో పెట్టే ద్రావకం పొగ లేనిదే గానీ కరెంటు పోతే అదీ పోతుంది.

దోమతెర మీద ఫిర్యాదు ఒకటే, లోపల ఉక్క. నిజమే, సన్న కన్నాల నైలాను తెర గాలి ఆపుతుంది. పైకప్పు ఎత్తుగా ఉండి నాలుగు పక్కలా కట్టే పాతరకం తెర, గొడుగులా మడిచే రకం కన్నా చాలా నయం. ఫ్యాను గాలి కిందదాకా దిగుతుంది. సొంత ఇల్లయితే కిటికీలకే జాలి కొట్టించడం మేలు. స్టీలు జాలి తీసుకోండి, మామూలు ఇనప జాలి మన ఉప్పుగాలికి రెండు మూడేళ్ళలో పొడిపొడిగా రాలుతుంది. అద్దె ఇంట్లో అయితే అతుక్కునే పట్టీతో వచ్చే జాలిగుడ్డ, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు.

తెర రాత్రి దోమకే. డెంగీ దోమ పగలు కుడుతుంది, అది పుట్టేది మన ఇంట్లో నిలవున్న మంచి నీళ్ళలోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఆరోగ్య శాఖవాళ్ళు శుక్రవారం డ్రైడే పాటించమంటారు. మా ఇంట్లో ఆ రోజు కుండ, దాని కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే ట్రే, మూడూ వొంపి ఆరబెడతాం. పక్క వాటా కూలరు తొట్టిలో ఏప్రిల్ నాటి నీళ్ళు జూన్ దాకా అలాగే ఉన్నాయని మాకు అలాంటి ఒక శుక్రవారమే తెలిసింది. మా ఆవిడ వెళ్ళి ఆవిడతో కలిసి తొట్టి తీసి కడిగేసింది. ఇప్పుడా కూలరు వాళ్ళ బాల్కనీలో ఉంది. మూడు వైపులా గాలి తగులుతుంది కదా అని ఆవిడ అందులో ఉల్లిపాయలు పోసుకుంటోంది. మా ఇంట్లో ఉల్లిపాయలు మొలకెత్తుతున్నాయి, వాళ్ళవి ఇంకా లేదు.